నిమ్మతోటలో గడ్డి కోతకూ, వానల్లో పట్టుకూ ట్రాక్టరు వెనక టైర్లలో నీళ్లు నింపించవచ్చునా?

పొదలకూరు_నిమ్మ

మాది 45 హార్స్‌పవర్ టూ వీల్ డ్రైవ్ ట్రాక్టరు. వెనక టైర్లు 13.6-28, ముందువి 6.00-16. తోట ఎర్ర గరప నేల, వాగు వైపుకు వాలుగా ఉంటుంది. అక్టోబరు వానలు మొదలైనప్పటి నుంచి సంక్రాంతి దాకా చెట్ల వరుసల మధ్య గడ్డి మోకాలెత్తు పెరుగుతుంది కాబట్టి స్లాషర్ తగిలించి కోయిస్తున్నాము. వాలు దిగేటప్పుడు ఇబ్బంది లేదు కానీ, తడి గడ్డి మీద పైకి ఎక్కేటప్పుడు వెనక చక్రాలు ఉన్నచోటనే తిరిగి, గడ్డిని వేళ్లతో సహా పెకలించి, నేలను గుంటలు చేస్తున్నాయి. తర్వాతి వానకు ఆ గుంటల వెంటే నీరు పారి పాదుల్లోని మట్టి కొట్టుకుపోతోంది. వెనక టైర్లు రెండింటిలోనూ నీళ్లు నింపిస్తే ఈ బాధ తీరుతుందని మెకానిక్ అంటున్నాడు. రిమ్ములు తుప్పు పడతాయని, బరువంతా ఇరుసు మీద పడి బేరింగులు పోతాయని మా డ్రైవరు గట్టిగా వద్దంటున్నాడు. ఇదే ట్రాక్టరును వేసవిలో తోట దున్నడానికీ, కాయల బస్తాలు మార్కెట్‌కు తోలడానికీ వాడతాము. నింపించినవాళ్లు, నింపించి తీయించినవాళ్లు కారణాలతో సహా చెబితే మేలు చేసినవారవుతారు.

దర్శి_సాగర్‌కాలువ

సందేహమే అక్కరలేదు, నింపించండి. మా వైపు దుక్కి ట్రాక్టర్లు చాలావరకు నీళ్లతోనే తిరుగుతాయి. ఇనుప బరువులు కొనాలంటే వేలల్లో ఖర్చు, నీళ్లకు షాపువాడి కూలి తప్ప మరేమీ లేదు.

పెన్నా_మాగాణి

దర్శి వారు మెట్ట దుక్కిని దృష్టిలో పెట్టుకొని చెబుతున్నారు. మా మాగాణి కయ్యల్లో ఆ మాట చెల్లదు. సోమశిల నీళ్లు వదిలిన తర్వాత దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరు ఎంత తేలికగా ఉంటే అంత మంచిది, ఎందుకంటే అక్కడ నేల పైపొర బరువు మోయదు, చక్రం కింది గట్టి పొరను అందుకునే దాకా దిగబడుతూనే ఉంటుంది. అందుకే ఇనుప కేజ్ వీల్స్ వేస్తాము. అవి బరువుతో పట్టు తెచ్చుకోవు, వెడల్పుతోనూ పట్టీలతోనూ తెచ్చుకుంటాయి. టైర్లలో నీళ్లుండగా కేజ్ వీల్స్ వేసి దమ్ముకు దింపిన ట్రాక్టరు ఇంజను అడుగు భాగం దాకా దిగబడితే, దాన్ని మరో రెండు ట్రాక్టర్లు కట్టి లాగవలసి వచ్చిన సందర్భాలు మా ఊళ్లో ఉన్నాయి. అంతకంటే పెద్ద నష్టం, కింది గట్టి పొర కూడా చితికిపోవడం. ఒకసారి అది చితికిందంటే తర్వాతి ఎడగారు వరి పంటకు ఆ కయ్యలో ఏ ట్రాక్టరైనా దిగబడుతుంది. పొదలకూరు వారికి మాగాణి లేదు కాబట్టి ఈ చిక్కు రాకపోవచ్చు కానీ, ట్రాక్టరును దమ్ముకు అద్దెకిచ్చే ఉద్దేశం ఉంటే మాత్రం నీళ్ల జోలికి పోవద్దు.

కావలి_టైర్లు

నేను ఈ పనే చేస్తాను కాబట్టి పద్ధతి చెబుతాను, నింపించుకోవడం మానడం మీ ఇష్టం.

ముందుగా తుప్పు సంగతి. మన దగ్గర ఈ సైజు వెనక టైర్లు దాదాపు అన్నీ ట్యూబు ఉన్నవే. నీళ్లు ట్యూబు లోపల ఉంటాయి, రిమ్ముకు తగలవు. రిమ్ము తుప్పు పట్టేది రెండే సందర్భాల్లో: పంక్చరై నీళ్లు టైరులోకి కారినా పట్టించుకోకుండా తిప్పినప్పుడు, వాల్వు మొదట్లో సన్నగా కారుతున్నా చూడనప్పుడు. ట్యూబు లేని టైర్లయితే కథ వేరు, అక్కడ నీళ్లు నేరుగా ఇనుము మీదనే నిలుస్తాయి.

ఇక నింపడం. చక్రాన్ని జాకీతో నేల నుంచి కొద్దిగా లేపి, వాల్వు సరిగ్గా పైకి వచ్చేలా తిప్పి ఆపాలి. ట్రాక్టరు వెనక ట్యూబులకు వచ్చే టి.ఆర్. 218 ఎ వాల్వు గాలికీ నీటికీ రెండింటికీ పనికివచ్చేదే. దాని పిన్ను ఉండే లోపలి గొట్టాన్ని మొత్తంగా విప్పితే పెద్ద రంధ్రం ఏర్పడుతుంది, నీళ్లు పట్టించే నిపిల్‌ను అక్కడ బిగించాలి. ఆ నిపిల్‌కు లోపలి గాలి బయటికి పోయే దారి కూడా ఉంటే పని సాఫీగా సాగుతుంది, లేకపోతే మధ్యమధ్య పైపు తీసి గాలి వదలాలి. నిలువెత్తు కంటే పైన డ్రమ్ము పెట్టి వదిలితే చాలు, నిదానంగానే అయినా నిండుతుంది. వాల్వు నుంచి నీళ్లు పొర్లడం మొదలైతే టైరులో నాలుగింట మూడు వంతులు నిండినట్టు. అక్కడ ఆపి, గొట్టం బిగించి, మిగిలిన పావు భాగంలో గాలి కొట్టాలి. ఆ పావు వంతు గాలి తప్పనిసరి. నీరు నొక్కుకుపోదు, అదిరినప్పుడు నొక్కుకొని సర్దుకునేది గాలి ఒక్కటే. మోటారు పంపుతో బలవంతంగా నిండా ఎక్కించిన టైరు రాయి మీద ఎక్కినప్పుడు ట్యూబు చీలడమో, లోపలి పొర తెగడమో జరుగుతుంది.

13.6-28 టైరుకు ఈ లెక్కన ఇంచుమించు 190 లీటర్లు పడుతుంది. రెండింటికీ కలిపి 380 కిలోల దాకా బరువు పెరుగుతుందనుకోండి.

ఉలవపాడు_సపోటా

కావలి వారూ, నీళ్లు ఏవైనా పరవాలేదా? మా తోటలో బోరు నీరు ఉప్పు కలిసి వస్తుంది, పల్లానికి వెళ్లేకొద్దీ మరీ ఎక్కువ.

కావలి_టైర్లు

ఉప్పు నీరు వద్దు. ట్యూబులో ఉన్నంతసేపు ఏమీ కాదు కానీ, వాల్వు గొట్టం ఇత్తడిది, దాని పిన్ను స్ప్రింగు సన్నటి తీగ. రెండూ త్వరగా పాడవుతాయి. కారిందంటే రిమ్ము కూడా పోతుంది. కాలువ నీరో, చెరువు నీరో తేర్చి వడకట్టి వాడండి. వాన నీరు దొరికితే మరీ మంచిది.

ఇస్కపల్లి_తీరం

అసలు ఉప్పు కలిపితేనే బరువు పెరుగుతుంది కదా? మా అల్లూరు వైపు ఉప్పు కొటార్లలో ఉప్పు చవకగా దొరుకుతుంది. బాగా చిక్కగా కలిపిన ఉప్పు నీరు లీటరు 1.2 కిలోల దాకా తూగుతుంది. అదే టైరులో ఐదో వంతు బరువు అదనంగా వస్తుంటే ఎందుకు వదులుకోవాలి?

బాపట్ల_ఇంజనీరు

లెక్క సరైనదే, ఫలితం మాత్రం నష్టమే. 190 లీటర్లకు ఐదో వంతంటే టైరుకు 38 కిలోలు. ఆ 38 కిలోల కోసం రిమ్మునూ, వాల్వునూ, కారినచోట నేలనూ పణంగా పెట్టనక్కరలేదు. నిమ్మ చెట్టు ఉప్పును అసలు ఓర్చుకోలేదు, పాదు పక్కన పంక్చరై చిక్కటి ఉప్పు నీరు కారిందంటే ఆ చెట్టు ఆకు మాడి చాలాకాలం కోలుకోదు. బరువు చాలకపోతే చక్రానికి బిగించే ఇనుప బిళ్లలు ఉన్నాయి, వాటిని వాడడమే ఉత్తమం.

మిషిగన్_మార్కాపురం

మా స్వస్థలం మార్కాపురం, ఉండేది అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో. ఇక్కడ టైర్లలో ఉప్పు జాతి ద్రవాలు పోసే అలవాటు ఎందుకు వచ్చిందో చెబితే, మనకు అది ఎందుకు అక్కరలేదో తేలిపోతుంది. ఇక్కడ చలికాలంలో ఉష్ణోగ్రత సున్నాకు ఎంతో దిగువకు పోతుంది. మామూలు నీళ్లు టైరులో గడ్డకట్టి కదలని దిమ్మగా మారితే, ఆ స్థితిలో ట్రాక్టరును నడిపినప్పుడు ట్యూబు చిరుగుతుంది. అందుకని కాల్షియం క్లోరైడ్ కలిపిన నీళ్లు పోయడం మొదలైంది. అది బాగా చలికి కూడా గడ్డకట్టదు, నీటికంటే మూడో వంతు దాకా బరువు ఎక్కువ కూడా. అయితే రిమ్ములను తినేస్తుంది, కారినచోట గడ్డి చచ్చిపోతుంది. ఆ బాధ పడలేక ఇప్పుడు చాలామంది బీట్ దుంపల నుంచి పంచదార తీసిన తర్వాత మిగిలే రసాన్ని పోయిస్తున్నారు. అదీ లీటరు 1.3 కిలోల వరకు తూగుతుంది, ఇనుమును తినదు, కానీ ఖరీదు ఎక్కువ. కారు అద్దాలు కడిగే నీలి ద్రవం పోసేవాళ్లూ ఉన్నారు, దానిలో మిథనాల్ ఉంటుంది, విషం. ఇంజను చల్లబరచే ఎథిలీన్ గ్లైకాల్ కూడా విషమే, తియ్యగా ఉండటంతో పశువులూ కుక్కలూ నాకి చనిపోతాయి.

ఇవన్నీ మంచు తోయడానికి తిప్పే ట్రాక్టర్లకు కావలసినవి. నెల్లూరులో జనవరి రాత్రి కూడా ఉష్ణోగ్రత 20 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది కాబట్టి, మనకు మామూలు మంచి నీరే అన్నిటికంటే చవకైనదీ, మంచిదీ. ఇక్కడివారి నుంచి నేర్చుకోదగినది మరొకటి ఉంది. మంచు పనికి బరువెక్కించిన ట్రాక్టరుతోనే వేసవిలో పచ్చిక కోస్తే నేల మీద చక్రాల చాళ్లు పడతాయని, కోతకు ముందు బరువు దించేవాళ్లు ఉన్నారు. గడ్డి కోతకు పట్టు ఎంత అవసరమో, నేలను అణచకుండా ఉండటమూ అంతే అవసరం.

పొదలకూరు_నిమ్మ

మిషిగన్ వారి చివరి మాట నన్ను ఆలోచనలో పడేసింది. నిమ్మ వేళ్లు పైపైనే అల్లుకొని ఉంటాయి. 380 కిలోలు అదనంగా వేసుకొని ప్రతి వానాకాలమూ అదే వరుసల్లో తిరిగితే వేళ్లకు ఊపిరాడుతుందా?

కనిగిరి_మెట్ట

నేను అద్దెకు తోలేవాణ్ని. మా వైపు కంది, సజ్జ వేసే గట్టి ఎర్ర నేలల్లో వేసవి దుక్కికి తొమ్మిది చెక్కల కల్టివేటరు దించితే, నీళ్లు లేని ట్రాక్టరు దుమ్ము రేపడం తప్ప ముందుకు కదలదు. నీళ్లు నింపిన తర్వాత అదే చేను ఒక గేరు పైన దున్నుతున్నాను, గంటకు చేసే ఎకరాలు పెరిగాయి, టైరు గుబ్బలు అరగడం తగ్గింది. జారే చక్రం డీజిలునూ తింటుంది, టైరునూ తింటుంది. నేల అణగడం గురించి భయపడేవారు, చక్రం జారి నేలను చెక్కివేయడం వల్ల కలిగే నష్టాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. వాలు మీద అదే పెద్ద నష్టం. నా ఓటు నీళ్లకే.

మా కనిగిరి బోర్లలో ఫ్లోరైడు ఉంది కదా అని ఒకరు అడిగారు. మనుషులకు అది పెద్ద శాపమే కానీ టైరుకు దానితో పేచీ లేదు.

బాపట్ల_ఇంజనీరు

నింపాలా వద్దా అన్నది అభిప్రాయాల మీద తేలేది కాదు, కొలిచి తేల్చవలసిన విషయం. కొలవడానికి పరికరాలు కూడా అక్కరలేదు.

వెనక టైరు పక్కన సుద్దతో గీత గీయండి. స్లాషర్ దించి, మామూలుగా కోసే గేరులో, వాలు పైకి ఎక్కుతూ ఆ గీత పది చుట్లు తిరిగే దాకా నడిపి, మొదలుకూ చివరకూ నేలలో పుల్లలు పాతండి. తర్వాత స్లాషర్ ఎత్తి, వేరే పని పెట్టకుండా, అదే దూరాన్ని పొడి నేల మీద నడిపి ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. ఎనిమిదిన్నర చుట్లు వస్తే చక్రం 15 శాతం జారుతున్నట్టు. టూ వీల్ డ్రైవ్ ట్రాక్టరుకు 8 నుంచి 15 శాతం మధ్య జారుడు ఉండటం ఆరోగ్యకరం. 15 దాటితే బరువు చాలడం లేదు, లేదా గాలి ఎక్కువగా ఉంది, లేదా గుబ్బలు అరిగాయి. 8 కంటే తక్కువైతే అవసరానికి మించిన బరువు మోస్తున్నట్టు, అప్పుడు డీజిలు ఆ బరువును లాగడానికే ఖర్చవుతుంది. కొలిచే ఓపిక లేనివారు టైరు విడిచిన ముద్రను చూడవచ్చు. గుబ్బల అచ్చు చెక్కినట్టు స్పష్టంగా పడితే బరువు ఎక్కువ, అచ్చు పూర్తిగా చెదిరిపోతే తక్కువ, అచ్చు నిలిచి అంచులు మాత్రం కొద్దిగా విరిగితే సరిపోయినట్టు.

డ్రైవరు చెప్పిన బేరింగుల మాటకు కూడా జవాబు చెప్పాలి. టైరులో నిలిచిన నీటి బరువు నేరుగా టైరు ద్వారా నేల మీదనే పడుతుంది, ఇరుసు దాన్ని మోయదు. ట్రాక్టరు మీదనో లిఫ్టు మీదనో రాళ్లో ఇసుక బస్తాలో వేస్తే అది ఇరుసు మోసే బరువు. కాబట్టి బేరింగుల విషయంలో అతని భయానికి ఆధారం లేదు. అయితే వేరే విధంగా అతని మాటలో నిజం ఉంది. పట్టు పెరిగిన చక్రం జారదు, జారకపోతే మొండి బరువు తగిలినప్పుడు ఆ శక్తి అంతా క్లచ్చు మీద, గేర్ల మీద, ఇరుసు మీద పడుతుంది. జారుడు ఒక హద్దు వరకు గేరుబాక్సును కాపాడే ఫ్యూజు లాంటిది. మితిమీరి బరువెక్కించి చిన్న ట్రాక్టరుతో పెద్ద పనిముట్టు లాగించేవారికే హౌసింగులు, అంటే గేర్ల చుట్టూ ఉండే ఇనుప పెట్టెలు, పగులుతాయి.

ట్రాక్టరు కొనేముందు మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో ఉన్న కేంద్ర ట్రాక్టర్ల పరీక్షా సంస్థ ఇచ్చే నివేదిక చూసే అలవాటు మన రైతులకు రావాలి. బరువు వేసినప్పుడూ వేయనప్పుడూ లాగే శక్తి ఎంత, చక్రం జారింది ఎంత శాతం అన్నవి దానిలో ఉంటాయి. అమెరికాలోని నెబ్రాస్కాలో 1919 చట్టం తర్వాత 1920 నుంచి ఇటువంటి పరీక్షలు జరుగుతూనే ఉన్నాయి.

దర్శి_సాగర్‌కాలువ

బేరింగుల సంగతి ఇంత వివరంగా నాకు ఇంతకుముందు ఎవరూ చెప్పలేదు. ఇంజనీరు గారి సుద్దగీత పద్ధతి మా చేలో కూడా చేసి చూస్తాను. అయినా దుక్కికి నీళ్లు ఉండాలన్న మాట మీదనే ఉన్నాను.

ఒంగోలు_శనగ

నల్లరేగడి వారి తరఫున ఒక మాట. మాకు శనగ విత్తే అదను చాలా చిన్నది. వానలు నిలిచి, పైన పదును వచ్చి, కింద తేమ ఉన్న కొద్దిరోజుల్లోనే గొర్రు తిరగాలి. ఆ సమయంలో బరువైన ట్రాక్టరు నడిచిన చాలులో నేల అణిగి, మొలక రావడమూ ఆలస్యమే, వేరు దిగడమూ కష్టమే. పంట పెరిగాక చేను మీద నుంచి చూస్తే చక్రాల జాడ వరుసలు వరుసలుగా కురచ మొక్కలతో కనబడుతుంది. కనిగిరి వారి ఎర్ర నేల వేరు, మా రేగడి వేరు. పొగాకు వేసే నల్ల నేలల వారు కూడా ఇదే చెబుతారు.

ఉదయగిరి_కొండకింద

నేను పట్టు గురించి కాదు, ప్రాణం గురించి రాస్తున్నాను. వాలు నేలల మీద, కాలువ గట్ల మీద ట్రాక్టరు పక్కకు పడిపోవడం మన జిల్లాల్లో అరుదైన విషయం కాదు. టైరులో నీళ్లు ఉంటే బరువు నేలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి పక్కకు దొర్లే భయం కొంత తగ్గుతుంది, అది ఒప్పుకుంటాను. కానీ ముందు చక్రాలు లేచే ప్రమాదానికి నీళ్లు మందు కావు. వెనక చక్రాలకు పట్టు పెరిగి అవి నేలను గట్టిగా పట్టుకున్నప్పుడు, వెనక మొండిగా ఏదైనా తగిలితే ట్రాక్టరు ముందు భాగమే పైకి లేస్తుంది. వెనక్కి తిరగబడటం క్షణాల్లో జరిగిపోతుంది. స్లాషర్‌ను లిఫ్టు మీద పూర్తిగా ఎత్తి వాలు ఎక్కుతున్నారంటే ముందు చక్రాల బరువు అప్పటికే తగ్గి ఉంటుంది, స్టీరింగు తిప్పినా బండి తిరగదు. వెనక నీళ్లు నింపించేవారు ముందు బంపరుకు బరువులు కూడా వేయించాలి. మొత్తం బరువులో కనీసం నాలుగో వంతు ముందు చక్రాల మీద ఉండాలి. చక్రాల మధ్య దూరాన్ని వీలైనంత వెడల్పు చేయించండి. ట్రక్కు (ట్రాలీ) గానీ మొద్దు గానీ లాగేటప్పుడు గొలుసును కింది హుక్కుకే కట్టాలి, పైన లిఫ్టు చేతులకు కట్టి లాగకూడదు.

కనిగిరి_మెట్ట

ఉదయగిరి వారు చెప్పింది ప్రతి డ్రైవరూ చదవవలసిన విషయం. గొలుసును పైన కట్టి జామాయిల్ మొద్దులు లాగించేవాళ్లను ఇప్పటికీ చూస్తున్నాను, ఎంత చెప్పినా వినరు.

గూడూరు_కిరాయి

నీళ్లు నింపిన బండితో రోడ్డు మీద లోడు తోలడం గురించి ఎవరూ చెప్పలేదు. లోడు ట్రక్కు తగిలించగానే దాని ముందు భాగపు బరువు కొంత ఎలాగూ వెనక చక్రాల మీద పడుతుంది, ఇక నీళ్ల అవసరం లేదు. పైగా ఆ 380 కిలోలను ప్రతి ట్రిప్పులోనూ ఊరికే మోస్తూ తిరగాలి, బ్రేకు కొట్టినప్పుడు ఆపవలసిన బరువూ పెరుగుతుంది. పై గేరులో వేగంగా పోతే బండి ఎగిరెగిరి పడుతుంది, టైరు గట్టిపడి ఉంటుంది కాబట్టి. ఏడాదిలో ఎక్కువ రోజులు రోడ్డు మీద తిరిగే బండికి నీళ్లు నింపించవద్దు.

పొదలకూరు_నిమ్మ

ఇంజనీరు గారు చెప్పినట్టు సుద్దగీత గీసి కొలిచాము. తడి గడ్డి మీద వాలు ఎక్కేటప్పుడు 25 శాతానికి పైగానే జారుతోంది. అయితే గాలి చూసినప్పుడు వెనక టైర్లలో 22 పౌండ్లు ఉన్నాయి. కాయలు తోలడానికని డ్రైవరు అంత పెట్టి, తోటలోకి వచ్చినప్పుడు కూడా అలాగే ఉంచుతున్నాడు. మా బండి మాన్యువల్లో పొలం పనికి 12 నుంచి 14 పౌండ్లని ఉంది. 13కు దించి మళ్లీ కొలిస్తే 18 శాతానికి వచ్చింది. నీళ్లు పోయకుండానే సగం సమస్య తీరింది. మిగిలినదానికి ఏం చేయాలి?

బాపట్ల_ఇంజనీరు

మీరు చేసిన పని అందరూ మొదట చేయవలసిన పని. గాలి తగ్గితే టైరు నేలకు ఎక్కువ వైశాల్యంలో ఆనుతుంది, పట్టూ పెరుగుతుంది, నేల అణగడమూ తగ్గుతుంది. బరువు పెంచితే పట్టు మాత్రమే పెరుగుతుంది. అయితే రోడ్డు ఎక్కేముందు మళ్లీ గాలి పెంచడం మరువకండి, తక్కువ గాలితో లోడు తోలితే టైరు పక్క గోడలు వేడెక్కి పగులుతాయి.

మీకు ఇంకా తగ్గవలసింది మూడు నాలుగు శాతమే. దానికి నాలుగింట మూడు వంతుల నీరు అక్కరలేదు. వాల్వును పైన కాకుండా ఇరుసు ఎత్తుకు, అంటే గడియారంలో మూడు ఉండే చోటికి తెచ్చి నింపితే సగం దగ్గర ఆగుతుంది. టైరుకు సుమారు 125 లీటర్లు. రెండు టైర్లలోనూ నీటి మట్టం ఒకేలా ఉండాలి, లేకపోతే బండి ఒక పక్కకు లాగుతుంది.

పెన్నా_మాగాణి

సగం నింపితే లోపల నీళ్లు కొట్టుకోవా?

కావలి_టైర్లు

కొట్టుకుంటాయి. గడ్డి కోసే నిదానపు వేగంలో తెలియదు, రోడ్డు మీద వేగం పెంచితే, ముఖ్యంగా బ్రేకు కొట్టినప్పుడు, బండి ముందుకూ వెనక్కూ ఊగినట్టు ఉంటుంది. నిదానంగా పోవడమే దానికి మందు. రేడియల్ టైర్లకు మాత్రం సగం కూడా ఎక్కువే. వాటి పక్క గోడలు వంగుతూ పనిచేయాలి కాబట్టి 40 శాతం దాటవద్దని చెబుతారు.

ఉలవపాడు_సపోటా

పొదలకూరు వారి టైరు గుబ్బలు ఎంత మిగిలి ఉన్నాయో కూడా చూడాలి. గుబ్బలు అరిగిన టైరుకు తడి గడ్డి మీద ఎంత బరువెక్కించినా పట్టు రాదు. ఇంకొకటి, వాలుకు ఎదురుగా ఎక్కుతూ కోయడం మానేసి, పైకి ఖాళీగా ఎక్కి, దిగుతూ మాత్రమే కోసే వీలుంటే చూడండి. సమయం ఎక్కువ పడుతుంది కానీ నేల చెదరదు. మంచు ఆరిన తర్వాత, అంటే పొద్దున తొమ్మిది దాటాక కోత మొదలుపెట్టినా చాలా తేడా ఉంటుంది.

ఉదయగిరి_కొండకింద

దిగుతూ కోయడం మంచిదే, కానీ గేరులోనే దిగాలి. తడి గడ్డి మీద న్యూట్రల్‌లో వదిలి బ్రేకు నొక్కితే చక్రాలు ఆగుతాయి, బండి ఆగదు. రెండు బ్రేకు పెడళ్లనూ కలిపి లాక్ చేసి ఉంచండి.

పొదలకూరు_నిమ్మ

గుబ్బలు సగానికి పైగా ఉన్నాయి. పొద్దెక్కిన తర్వాత కోయించడం, వీలైన వరుసల్లో దిగుతూ కోయించడం రెండూ మొదలుపెట్టాము. సగం నీళ్లు నింపించి, ముందు బంపరుకు బరువులు వేయించాలని నిర్ణయించాము. వానలు ఆగి గడ్డి కోతలు అయిపోయాక కాయల తోలకానికి ముందు నీళ్లు తీయించాలి. ఆ తీయించడం ఎంత పని?

కావలి_టైర్లు

నింపడం కంటే కొంచెం ఎక్కువే. చక్రం లేపి, వాల్వు పైన ఉండగా ముందు గాలి వదిలి, ఆ తర్వాత వాల్వును అడుగుకు తెచ్చి గొట్టం విప్పితే, నీళ్లు వాల్వు మట్టం దాకా వాటంతట అవే పోతాయి. రిమ్ముకు కింద, టైరు పొట్టలో కొంత మిగిలిపోతుంది. వాల్వులోంచి సన్నటి రబ్బరు గొట్టం లోపలికి దూర్చి, గాలి కొడితే ఆ ఒత్తిడికి మిగిలినది కూడా గొట్టం గుండా బయటికి వస్తుంది. నీళ్లున్న చక్రాన్ని మాత్రం ఒంటరిగా విప్పి దొర్లించే ప్రయత్నం ఎవరూ చేయవద్దు, చక్రం సొంత బరువుకు నీటి బరువు తోడై పక్కకు ఒరిగితే మనిషి ఆపలేడు. పంక్చరైనా ముందు నీళ్లు తీసిన తర్వాతే చక్రం విప్పాలి.

నీళ్లున్నన్నాళ్లూ గాలి చూసేటప్పుడు వాల్వును పైకి తెచ్చి చూడండి. అడుగున ఉండగా చూస్తే పైనున్న నీటి మట్టం వల్ల మీటరు ఒక పౌండు దాకా ఎక్కువ చూపిస్తుంది, మీటరులోకి నీళ్లు పోయి అదీ పాడవుతుంది. గాలి ఉండే చోటు తగ్గింది కాబట్టి కొద్దిగా కారినా పౌండ్లు త్వరగా పడిపోతాయి, వారానికి ఒకసారైనా చూడాలి.

పెన్నా_మాగాణి

తీసిన నీళ్లు పాదుల్లోకి వదలవచ్చా?

కావలి_టైర్లు

మంచి నీరే పోసి ఉంటే నిశ్చింతగా వదలండి. రబ్బరు వాసన వస్తుంది, చెట్టుకు ఏమీ కాదు.